ఇద్దరు వెంకయ్యలు, రెండు నందనలు: రిజిస్టర్లు లేని కాలంలో ఒక వంశాన్ని వెతికిన కేసు

ఈ కేసులో పేర్లన్నీ మార్చాను. ఊరు, ఇంటిపేరు చెప్పడం లేదు. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు మార్చినా ఒక్కటి మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంచాను. అసలు వంశవృక్షంలో ఏ పేరు ఏ తరంలో తిరిగి వచ్చిందో ఇక్కడా సరిగ్గా అక్కడే వస్తుంది. కేసంతా దానిమీదే నడిచింది కాబట్టి అది మార్చడం కుదరదు.

నేపథ్యం

కృష్ణా డెల్టాలో ఒక ఊరి గుడికి తరతరాలుగా సన్నాయి వాయించిన కుటుంబం వాళ్లది. ఆ సేవకు గాను గుడి తరఫున భజంత్రీ మాన్యం, అంటే వాయిద్య సేవకు ఇచ్చిన భూమి, ఉండేది. నా దగ్గరకు వచ్చినాయన ఉద్యోగం చేసి రిటైరయ్యారు. సన్నాయి ఆయన తండ్రితోనే ఆగిపోయింది. చేతిలో మూడు వస్తువులు పట్టుకొచ్చారు. 2016 కృష్ణా పుష్కరాల్లో పిండప్రదానం కోసం పురోహితుడికి రాసిచ్చిన కాగితం ఒకటి. 1888 నాటి తనఖా దస్తావేజు నకలు ఒకటి. మూడోది ఒక ఇత్తడి గుండిగ ఫోటో.

కాగితంలో మూడు తరాల పేర్లున్నాయి. తండ్రి రామయ్య, తాత వెంకయ్య, ముత్తాత రామయ్య. పితృకార్యంలో అడిగేది మూడు తరాలే కాబట్టి చాలా ఇళ్లలో జ్ఞాపకం కూడా సరిగ్గా అక్కడే తెగిపోతుంది. దస్తావేజు ఇంకో మెట్టు ఎక్కించింది. అందులో ‘వెంకయ్య గారి కుమారుడు రామయ్య’ అని ఉంది. అంటే ముత్తాత తండ్రి పేరు కూడా వెంకయ్యే. ఆయన గురించి ఇంట్లో ఒక కథ ఉంది. నందన కరువులో చెల్లెల్ని భుజానేసుకుని గుంటూరు వైపు నుంచి కృష్ణ దాటి వచ్చాడని, గుళ్లో ఆశ్రయం ఇచ్చారని. గుండిగ మీద చుక్కలతో చెక్కిన అక్షరాల్లో ‘నందన సం॥’, శ్రావణ మాసం, తిథి, వారం, కింద ‘వెంకయ్య’ అని ఉన్నాయి. కథకు అది సాక్ష్యమని ఇంట్లో అందరి నమ్మకం.

అడిగింది ఏమిటి

ఆయన ప్రశ్న సూటిగా ఉంది. ‘వెంకయ్య గారు ఏ ఊరి నుంచి వచ్చారో చెప్పగలరా?’

ప్రశ్న సూటిదే గాని, దాని లోపల రెండు నమ్మకాలు దాక్కుని ఉన్నాయి. వచ్చింది వెంకయ్యేనని ఒకటి, ఆ వెంకయ్యే 1888 దస్తావేజులో ఉన్నవాడని ఇంకొకటి. ఆ రోజు ఈ రెండింటినీ విడదీసి రాసుకుని ఉంటే నాకు నాలుగు నెలలు మిగిలేవి.

ముందు చేసిన ప్రయత్నాలు

జనన మరణాల రిజిస్టర్లతో మొదలుపెట్టాను. మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) 1886 చట్టం ప్రకారం నమోదు ఇష్టపూర్వకమే. అసలైన ఏర్పాటు 1899 మద్రాసు చట్టంతో వచ్చింది. ఆ తర్వాతి పుస్తకాల్లో కూడా బిడ్డకు పేరుండదు. ‘మగ శిశువు’ అని, తండ్రి పేరు, కులం, వృత్తి అని ఉంటాయి. బారసాల కాకముందే నమోదు చేయిస్తారు కదా. అందుకే ఈ రిజిస్టర్లలో నేను పుట్టుకల కంటే చావులు ముందు చూస్తాను. చావు ఎంట్రీలో పేరు, వయసు రెండూ దొరుకుతాయి. ముత్తాత రామయ్య 1941లో పోయినట్టు, వయసు 76 అని దొరికింది. తాత వెంకయ్య 1964లో 72 ఏళ్లకు పోయారు. అంటే ముత్తాత పుట్టింది 1865 ప్రాంతంలో, తాత పుట్టింది 1892 ప్రాంతంలో. వయసులు చెప్పేది ఇంట్లోవాళ్లే కాబట్టి రెండు మూడేళ్లు అటూ ఇటూ వేసుకోవాలి.

ఇక్కడే మొదటి అనుమానం వచ్చింది. నందన కరువు అంటే 1832–33. గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన కరువు అది, జనం డొక్కల కరువు అన్నది దాన్నే. ఆ ఏడు చెల్లెల్ని మోసుకుని ఏరు దాటాడంటే వెంకయ్యకు తక్కువలో తక్కువ పద్దెనిమిదేళ్లు అనుకుందాం. అలాంటప్పుడు 1865లో రామయ్య పుట్టేనాటికి ఆయనకు యాభై దాటాలి. కుదరదని కాదు, కానీ ఇలాంటి చోట ఒక తరం జారిపోయి ఉంటుందని అనుభవం.

తర్వాత ఇంటిపేరు పట్టుకుని పాత రికార్డుల్లో వెతికాను. ఇది పూర్తిగా దండగైంది. పత్రాల రిజిస్ట్రేషన్ 1865 నుంచి ఉంది కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పేర్ల ఇండెక్స్, ఆస్తుల ఇండెక్స్ రెండూ చూడొచ్చు. ఇంటిపేరుతో చూస్తే 1888 తనఖా తప్ప మరోటి లేదు. రెవెన్యూ లెక్కల్లో అయితే ఇంటిపేరు ఉండాల్సిన చోట కులం పేరో, ‘భజంత్రీ’ అనో రాసి వదిలేశారు. వృత్తి మాన్యాలు అనుభవించిన కుటుంబాలకు ఇది మామూలే. వాళ్ల ఇంటిపేరుతో సర్కారుకు పని పడలేదు.

కాబట్టి మనిషిని వదిలేసి భూమిని పట్టుకున్నాను. మాన్యం ఉందంటే ఇనాం కమిషన్ దాన్ని విచారించి ఉండాలి. 1858లో వేసిన ఆ కమిషన్ మద్రాసు రాజధానిలోని మాన్యాలన్నింటినీ ఊరూరా విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు తయారు చేసింది. వంశాలు వెతికేవాళ్లకు అదొక నిధి. మాన్యం ఎవరిచ్చారు, మొదటి హక్కుదారు ఎవరు, పాత ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) లెక్కల్లో ఎవరి పేరుంది, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, అతని వయసెంత, పాత హక్కుదారుకు ఏమవుతాడు అన్నవన్నీ ఒకే వరుసలో ఉంటాయి. అందరికీ మాన్యాలు ఉండవు, సర్కారుకు శిస్తు కట్టే రైతు కుటుంబమైతే ఈ దారి దొరికేది కాదు.

ఒక హెచ్చరిక. 1859లో బందరు, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేశారు. గుంటూరు మళ్లీ విడిగా ఏర్పడింది 1904లో. ఇప్పటి జిల్లా పేరు పట్టుకుని ఆ కాలపు రికార్డు అడిగితే ‘లేదు’ అన్న జవాబే వస్తుంది. ఉన్నది వేరే జిల్లా కట్టలో ఉంటుంది.

నేను చేసిన తప్పు

సర్టిఫైడ్ కాపీ వచ్చింది. 1861 నాటి ఎంట్రీ. ఇంగ్లీషులో, గొలుసుకట్టు రాతలో. అనుభవిస్తున్నది వెంకయ్య, వయసు 26. పాత లెక్కల ప్రకారం ఫసలీ 1238లో హక్కుదారు రామయ్య. బంధుత్వం గడిలో ఒకే ఒక్క మాట, ‘గ్రాండ్‌సన్’.

26 ఏళ్లంటే వెంకయ్య పుట్టింది 1835 ప్రాంతంలో. కరువు తర్వాత పుట్టినవాడు కరువులో ఏరు దాటలేడు. ఫసలీకి 590 కలిపితే మన లెక్కలో ఆ ఫసలీ మొదలైన సంవత్సరం వస్తుంది, కాబట్టి 1238 అంటే 1828–29. అంటే కరువుకు ముందే రామయ్య ఈ ఊళ్లో మాన్యం అనుభవిస్తున్నాడు. ఆయనా వలస వచ్చినవాడు కాదు.

నాకు అప్పుడు అంతా తేలిపోయినట్టే అనిపించింది. రామయ్య, వెంకయ్య, రామయ్య, వెంకయ్య, రామయ్య. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ప్రకారం మెట్లు చక్కగా అమరాయి. ఆ అమరిక ఎంత ముచ్చటగా ఉందంటే, ‘గ్రాండ్‌సన్’ అన్న మాటను గుమాస్తా పొరపాటుగా తీసుకున్నాను. కొడుకు అని రాయబోయి మనవడు అని రాసుంటాడనుకున్నాను.

అదే ఊపులో గుండిగ లెక్క కూడా చూశాను. అరవై ఏళ్లకోసారి అదే పేరు సంవత్సరం తిరిగి వస్తుంది. నందన 1832లోనూ వచ్చింది, 1892లోనూ వచ్చింది. ఉత్త సంవత్సరం పేరే ఉంటే ఏదో చెప్పలేం. దాని మీద తిథి, వారం కూడా ఉన్నాయి కాబట్టి తేల్చవచ్చు. అదే శ్రావణ తిథి ఈ రెండు నందనల్లో ఒకే వారం రోజున పడదు, సుమారు రెండు రోజుల తేడా వస్తుంది. గుండిగ మీది వారం 1892తోనే కలిసింది. లెక్క వేయకముందే ఇంకో ఆలోచన కూడా అటే లాగింది. కరువులో పారిపోయేవాడు గుండిగ మోసుకొస్తాడా? కరువొస్తే ఇంట్లో ముందు అమ్ముడుపోయేది ఇత్తడే.

తాత వెంకయ్య పుట్టింది 1892. ఆ గుండిగ ఆయన పుట్టినప్పటిది. కాబట్టి 1892 నందన గుండిగను చూసి, ఊళ్లో విన్న 1832 నందన కరువు కథను దానికి అతికించుకున్నారని నిర్ణయించాను. ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. మీ వాళ్లు వలస రాలేదు, మొదటి నుంచీ ఆ ఊరివాళ్లే అని.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు. ‘మరి మా ఇంటిపేరు ఊళ్లో ఇంకొక్కరికీ లేదేంటండీ? అంత పాతవాళ్లమైతే దాయాదులు ఉండాలి కదా?’

నా దగ్గర సమాధానం లేదు. రాత్రి కూర్చుని ఎంట్రీ మళ్లీ చదివాను. సాక్ష్యంలో ఒక మాట నా లెక్కకు అడ్డొచ్చిందని దాన్ని తప్పుగా కొట్టేశాను. ఏ ఆధారంతో కొట్టేశాను? పేర్లు అందంగా అమరాయన్న ఆధారంతో. అంతకు మించి ఏమీ లేదు.

దారి చూపినవి

గుమాస్తా సరిగ్గానే రాశాడని అనుకుని మళ్లీ మొదలుపెట్టాను. వెంకయ్య రామయ్యకు మనవడే అయితే మధ్యలో ఒక మనిషి ఉండాలి. రామయ్యకు కొడుకు ఉంటే మాన్యం ముందు ఆ కొడుక్కి రావాలి, లెక్కల్లో ఎక్కడో ఒకచోట అతని పేరు ఉండాలి. లేదు. కొడుకు చిన్నతనంలోనే పోయుండొచ్చు. లేదంటే అసలు కొడుకే లేకపోయుండొచ్చు. మనవడు రెండు వైపుల నుంచీ ఉంటాడు. కొడుకు కొడుకూ మనవడే, కూతురు కొడుకూ మనవడే. ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపెట్టేస్తుంది. మన వాడుక మాట కూడా అంతే. విడదీసి చెప్పేవి పౌత్రుడు (కొడుకు కొడుకు), దౌహిత్రుడు (కూతురు కొడుకు) అన్న దస్తావేజు మాటలే.

అంటే నాకు కావలసింది ఇంగ్లీషు రిజిస్టరు కాదు, దాని వెనకున్న తెలుగు కాగితం. కమిషన్ ముందు మాన్యందార్లు ఇచ్చుకున్న ఇనాం స్టేట్‌మెంట్లు విడిగా ఉంటాయి. అన్ని ఊళ్లవీ మిగల్లేదు. దొరుకుతుందో లేదో తెలియదు కాబట్టి దరఖాస్తు పెట్టి, ఈలోగా మనుషుల దగ్గరకు వెళ్లాను. ఈసారి మగవాళ్ల వరసలో కాదు.

ఆయన్ని అడిగాను, మీ ముత్తాత రామయ్యకు అన్నదమ్ములున్నారా అని. తమ్ముడు ఒకాయన వేరే ఊరు వెళ్లిపోయాడని, ఆ శాఖతో రాకపోకలు లేవని చెప్పారు. పేరు గుర్తులేదు. రెండు పెళ్లి శుభలేఖలు, ఒక కర్మ కార్డు పట్టుకుని వెతికితే ఆ శాఖలో తొంభై దాటిన మామ్మగారు ఒకరు ఉన్నారని తేలింది. ఆవిడ ఆ ఇంటి కోడలు కాదు, ఆడపడుచు.

నేను వంశం గురించి అడగలేదు. గుండిగ ఫోటో చూపించాను, అంతే. ఆవిడ ఫోన్ చేత్తో తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూశారు. ‘ఇది మా పెదనాన్న బారసాలది బాబూ. వాళ్ల అమ్మ పుట్టింటివాళ్లు తెచ్చారంట. ఏరు దాటొచ్చిందెక్కడ, బందరు బజార్లో కొన్నారు.’ నవ్వారు. తర్వాత నేను అడగకుండానే అన్నారు, ‘ఏరు దాటొచ్చింది కోటయ్య. మా తాతకి ఆ పేరే పెట్టారు.’

కోటయ్య. అప్పటిదాకా నా కాగితాల్లో ఎక్కడా లేని పేరు.

ఆవిడ తాత అంటే ముత్తాత రామయ్య తమ్ముడు. మన ఆచారం ప్రకారం పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు పెడతారు. ఈ ఇంట్లో పెద్దవాడికి రామయ్య అని, రెండోవాడికి కోటయ్య అని పెట్టారు. పెద్దవాడి పేరు మాన్యం ఎవరి నుంచి వచ్చిందో ఆ మనిషిది. రెండోవాడి పేరు అసలు తాతది. కూతురికి పెళ్లిచేసి అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్న ఇంట్లో ఇలా జరగడం సహజమే.

అయితే ఆవిడ మాటనే తీర్మానంగా రాయలేదు. అప్పటికే నేను ఒకసారి తొందరపడి ఉన్నాను. పైగా ఆవిడ పుట్టేనాటికి ఆ కరువు జరిగి వందేళ్లు. ఆరు వారాలకు స్టేట్‌మెంట్ నకలు వచ్చింది. తెలుగులో, పదాల మధ్య ఖాళీ లేని రాత. చివర సంతకం బదులు నిశానీ. మొదటి వరుసలోనే ‘కోటయ్య కొమారుడు వెంకయ్య’ అని ఉంది. మాన్యం తనకెలా వచ్చిందో చెప్పే చోట, రామయ్యకు పురుష సంతానం లేదని, తాను ఆయన దౌహిత్రుణ్ణని రాయించాడు.

మామ్మగారు ఈ కాగితం చూడలేదు. ఈ కాగితం రాసినవాడికి ఆవిడ ఎవరో తెలియదు. రెండూ ఒకే పేరు చెప్పాయి. నేను పెన్నుతో రాసింది అప్పుడే.

ఇప్పుడు అన్నీ వాటి చోట్లలో కూర్చున్నాయి. ఏరు దాటింది కోటయ్య, 1832 నందనలో. గుడి సన్నాయి రామయ్య అతన్ని చేరదీసి కూతుర్నిచ్చి ఇంట్లో ఉంచుకున్నాడు. 1835 ప్రాంతంలో వెంకయ్య పుట్టాడు. మాన్యం మామ నుంచి నేరుగా మనవడికి పోయింది. అందుకే సర్కారు లెక్కల్లో కోటయ్య ఎక్కడా హక్కుదారుగా లేడు, ఒక కొడుకు పేరు ముందు తండ్రిగా తప్ప. ఇంటిపేరు మాత్రం కోటయ్యదే నిలబడింది. ఊళ్లో ఇంకెవరికీ అది లేకపోవడానికి కారణం అదే.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

తాత పేరు మనవడికి వస్తుంది. తాతకూ మనవడికీ మధ్య దూరం సాధారణంగా యాభై, అరవై ఏళ్లు. సంవత్సరాల చక్రం కూడా అరవయ్యే. ఈ కుటుంబంలో పెద్ద వెంకయ్య పుట్టుకకూ చిన్న వెంకయ్య పుట్టుకకూ 57 ఏళ్లు. రెండు చక్రాలూ దాదాపు ఒకే కొలత కాబట్టి, ఒక పేరూ ఒక సంవత్సరం పేరూ జంటగా కనిపిస్తే అది ఏ చుట్టులోదో ఆ రెండూ ఎప్పటికీ చెప్పవు. తప్పు చుట్టులో పెట్టినా చక్కగా సరిపోతాయి. కథలోని వెంకయ్య, గుండిగ మీది వెంకయ్య, దస్తావేజులో వెంకయ్య ఒకరేనని ఆ కుటుంబం అనుకోవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. ఈ చక్రాలకు బయట నుంచి మూడో ఆధారం కావాలి. వయసు, వారం, ఫసలీ అంకె, భూమి, ఏదైనా సరే. నేను ఇప్పుడు పేరున్న ప్రతి కాగితం పక్కన ఆ మూడోది ఏమిటో రాసుకుంటున్నాను. లేకపోతే ఆ మనిషిని చెట్టులో పెట్టను, పక్కన ఉంచుతాను.

ఇంటి కథల గురించి కూడా నా పద్ధతి మారింది. కథలో ఒక ముక్క తప్పని తేలితే మొత్తం తీసేసేవాణ్ణి. ఈ కథలో తప్పు ఒక్క పేరే. కరువు నిజం, ఏరు నిజం, గుడి ఆశ్రయం నిజం. చెప్పేవాళ్లకు కోటయ్య పేరు జారిపోయి, నాలుక మీద ఆడుతున్న వెంకయ్య పేరు ఆ ఖాళీలోకి వచ్చింది. ఇప్పుడు కథను ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఎందుకు అని ముక్కలుగా విడదీసి ఒక్కోదాన్నీ విడిగా పరీక్షిస్తాను.

ఆడపడుచుల శాఖలను చివర్లో చూడటం అప్పటిదాకా నా అలవాటు. పిండాల కాగితంలో మగ వరసే ఉంటుంది, మాన్యం కాగితంలో మగ హక్కుదారే ఉంటాడు, మనమూ అదే వరసలో నడిచిపోతాం. ఇల్లరికం, దత్తత ఉన్న ప్రతిచోటా ఆ వరస తెగుతుంది. ముందే అటు వెళ్లి ఉంటే ఆయనకు ఆ తప్పుడు ఫోన్ చేసేవాణ్ణి కాదు. ఆయన నన్ను నమ్మి రెండు వారాలపాటు ఇంట్లోవాళ్లకు అదే చెప్పారట. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మిగిలిపోయింది

ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు దొరకలేదు. కోటయ్య ఏ ఊరివాడో తెలియలేదు. వాళ్ల ఇంటిపేరు ఒక ఊరి పేరే, కానీ కృష్ణకు అవతల ఆ పేరుతో ఒకటి కంటే ఎక్కువ ఊళ్లున్నాయి. ఆ ఊళ్ల గుళ్లకు భజంత్రీ మాన్యాలు ఉన్నాయేమో చూశాను. ఒకచోట ఉంది, కానీ హక్కుదారు పేరు తప్ప ఇంకేమీ లేదు. ఆ పేరు వెంకయ్య! సంతోషంతో లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాను. మూడో ఆధారం లేదు. పక్కన ఉంచాను.

చెట్టు గీసి ఇచ్చేటప్పుడు రామయ్యకూ వెంకయ్యకూ మధ్య రెండు గళ్లు గీశాను. ఒకటి కోటయ్యది. రెండోది రామయ్య కూతురిది. మాన్యం, ఊరు, ఆ కుటుంబం నిలబడటం అన్నీ ఆవిడ మీదుగానే వచ్చాయి, ఏ కాగితంలోనూ ఆవిడ పేరు లేదు. మామ్మగారిని మళ్లీ అడిగాను.

‘నాకు పెట్టిన పేరు ఆవిడదేనని మా అమ్మ అనేది బాబూ,’ అన్నారు.

దీనికి ఇంకో సాక్ష్యం లేదు. మామ్మగారి పేరును ఆ గడిలో పెన్సిల్‌తో రాశాను.